తెల్లారకముందే పండుగ

క్రిస్మస్ వస్తే వీధి వీధికంతా తెలుస్తుంది. డాబా మీద కాగితం నక్షత్రం వెలుగుతుంది. పక్కింటికి కేకు ముక్క, ఎదురింటికి అరిసెలు వెళతాయి. టీవీలో ప్రత్యేక కార్యక్రమాలొస్తాయి. ఈస్టర్‌కు ఇంత హడావుడి ఉండదు. ఎలాగూ ఆదివారమే కాబట్టి సెలవు కూడా వేరే అక్కర్లేదు. లోకం నిద్ర లేచి పాల ప్యాకెట్టు కోసం తలుపు తీసేసరికి పండుగలో సగం అయిపోయి ఉంటుంది. అసలు చాలామందికి దానికి రెండు రోజుల ముందొచ్చే గుడ్ ఫ్రైడేకూ దీనికీ తేడా తెలియదు. గురువారం సాయంత్రం ఆఫీసులోంచి బయటపడుతుంటే ఎవరో ఒకరు నవ్వుతూ చెయ్యి కలిపి 'హ్యాపీ గుడ్ ఫ్రైడే' అంటారు. మర్నాడు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా సిలువ మీది ఏడు మాటలు వింటూ కూర్చోవాల్సిన మనిషి 'థాంక్సండీ' అనేసి బస్సెక్కుతాడు. పాపం, అవతలివాళ్ల ఉద్దేశం మంచిదే కదా!

నాచారంలోని ఓ ఇంట్లో మాత్రం ఈస్టర్ వస్తోందంటే శనివారం పొద్దున్నే తెలిసిపోయేది. పెరట్లో పాత పెయింటు డబ్బాలో సున్నం నానేది. దాంట్లో చిటికెడు నీలిమందు. పక్కనే ఈత కుంచె, కొడవలి, చిన్న పార. వంటింట్లో బియ్యం, మసాలాలు, తడిగుడ్డలో చుట్టిన మల్లెమొగ్గలు. గూట్లో నాలుగు ప్యాకెట్ల కొవ్వొత్తులు. కొత్త బట్టల సంగతి ఎవరూ అడిగేవారు కాదు. సున్నం మరకలు పడతాయి కాబట్టి తెల్లవారుజామున పాత బట్టలే వేసుకోవాలి. పండుగనాడు పాత బట్టలేంటని పిల్లలు గునిసేవాళ్లు.

సంగతేమిటంటే, మన తెలుగు క్రైస్తవుల్లో ఎంతోమందికి ఈస్టర్ అంటే గుడికంటే ముందు సమాధుల తోటకు వెళ్లే రోజు. కథోలికులకు చనిపోయినవారిని తలుచుకోవడానికి నవంబరు 2 అని వేరే రోజుంది. మిగతా సంఘాల వాళ్లు ఊళ్లలో ఆ పనిని పునరుత్థాన పండుగనాడే పెట్టుకున్నారు. క్రీస్తు సమాధిలోంచి లేచిన వేకువ కాబట్టి తమవాళ్ల సమాధుల దగ్గర ఆ వేకువను చూడాలన్నది లెక్క. ముందురోజే కలుపు పీకి, మట్టి సరిచేసి, సున్నం వేస్తారు. తెల్లవారుజామున మూడున్నరకో నాలుగింటికో వెళ్లి పూలు చల్లి, కొవ్వొత్తులు వెలిగించి, పాటలు పాడి, ప్రార్థన చేసుకుని, అక్కడినుంచి గుడికి వెళతారు. పాస్టరుగారు దాన్ని సమాధుల తోట అనేవారు. ఆ ఇంటి పెద్దావిడ, పిల్లలకు నాయినమ్మ, మాత్రం చచ్చేదాకా బొందలగడ్డ అనే అంది. "తోటంటే జామకాయలుండాలె గద బిడ్డా" అని వాదించేది.

ఆ కుటుంబానిది జనగామ దగ్గరి ఊరు. హనుమకొండలో 1879లో, ఆ తర్వాత జనగామలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు స్థావరం పెట్టుకున్నారు. ఆ చుట్టుపక్కల వాడల్లో క్రైస్తవం అప్పటినుంచీ ఉన్నదే. తాత చదువుకున్నది మిషను బడిలోనే. బాపు పదో తరగతితో ఆపేసి 1976లో పట్నం వచ్చాడు. నాచారం పారిశ్రామికవాడలో షెడ్లు ఒక్కొక్కటీ లేస్తున్న రోజులు. ఒక ఫ్యాక్టరీలో మిషన్ మీద పని దొరికింది. రెండు గదుల కిరాయి ఇల్లు. కాస్త అవతల ఎన్టీఆర్ రామకృష్ణా స్టూడియో ఉన్నందుకు ఊరినుంచి ఎవరొచ్చినా ఒకటే ప్రశ్న: "ఎన్టోడిని చూసినవా?" చూడలేదని చెప్పడానికి మనసొప్పక బాపు ఏదో ఒకటి కల్పించి చెప్పేవాడు.

పట్నంలో ఇల్లుంది గానీ పండుగ మాత్రం ఊళ్లోనే. 1977లో ఈస్టర్ ఏప్రిల్ 10న వచ్చింది. అప్పటికి పెద్దమ్మాయికి ఏడేళ్లు. శనివారం రాత్రి డ్యూటీ పడకుండా బాపు తోటి కార్మికుడొకాయనతో షిఫ్టు మార్చుకున్నాడు. ఆయనకు రంజాన్‌నాడు బాపు డ్యూటీ చేసిపెట్టాలన్నది ఒప్పందం. ఆ ఒప్పందం ఇద్దరూ రిటైరయ్యేదాకా ఒక్క ఏడూ తప్పలేదు. ఉప్పల్ చౌరస్తాలో హనుమకొండ బస్సు కోసం నిలబడేవాళ్లు. ఇప్పుడు ఆ చౌరస్తాను చూసి అప్పటిది ఊహించుకోవడం కష్టం. స్టేడియం లేదు, మెట్రో లేదు, రింగురోడ్డు సందడి లేదు. బస్సు హైదరాబాదులోనే నిండిపోయి వచ్చేది. పిల్లల్ని కిటికీల్లోంచి లోపలికి అందించి, బాపు వెనక నిచ్చెన పట్టుకుని వేలాడేవాడు. ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి, ఆలేరు... సుమారు 80 కిలోమీటర్లకు మూడు గంటలు. దిగాక చెరువు కట్ట మీద నడక.

ఆ నడకలో పెద్దమ్మాయికి బాగా గుర్తున్నది వెన్నెల. అది యాదృచ్ఛికం కాదు. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే తొలి పున్నమి చూసుకుని, దాని వెనక వచ్చే ఆదివారాన్ని ఈస్టర్‌గా లెక్కపెడతారు. అందుకే అది మార్చి 22కూ ఏప్రిల్ 25కూ నడుమ ఊగుతూ ఉంటుంది. పున్నమి వెళ్లి వారం తిరక్కముందే పండుగ కాబట్టి, మబ్బు పట్టకపోతే ఈస్టర్ తెల్లవారుజామున ఆకాశంలో చంద్రుడు ఉండి తీరతాడు. నాయినమ్మకు ఈ మార్చి, ఏప్రిల్ లెక్కలేవీ తెలియవు. "ఉగాది ఎల్లినంక పున్నమి, పున్నమి ఎనక ఐతారం" అనేది. చాలా ఏళ్లు ఆ లెక్క సరిపోయేది కూడా. 2008లో మాత్రం పండుగ హోలీ వెనకే, ఉగాది రాకముందే, మార్చి 23నే వచ్చేసింది. 1913 తర్వాత అంత ముందుగా రావడం అదే మొదలు. మళ్లీ 2160లో గానీ రాదట. అప్పటికి నాయినమ్మ లేదు. ఉంటే పాస్టరుగారితో పంచాయితీ పెట్టుకునేదే.

ఊళ్లో రాత్రి నిద్ర ఉండేది కాదు. మూడింటికల్లా గుడి ముందు పెట్రోమాక్స్ లైట్లు వెలిగేవి. తబలా, తాళాలు, కంజీర. పురుషోత్తమ చౌధురి కీర్తనల దగ్గర మొదలై, ఆ ఊరి వాళ్లే కట్టుకున్న పాటల దాకా పాడుకుంటూ వాడంతా తిరిగి, చెరువు వెనక బొందలగడ్డకు చేరేవాళ్లు. "క్రీస్తు లేచెను" అని ఒకరంటే "నిజముగా లేచెను" అని మిగతావాళ్లు అందుకోవడం, ఆ కేకకు కుక్కలు మొరగడం. పేర్లు చెక్కిన రాళ్లు రెండో మూడో. మిగతావన్నీ మట్టి దిబ్బలే. అయినా ఎవరిది ఏదో అందరికీ తెలుసు. తాతది వేపచెట్టు పక్కన. కొవ్వొత్తి గాలికి ఆరకుండా కొబ్బరి చిప్పలో నిలబెట్టేవాళ్లు. బాపు బైబిలు వెనక అట్ట లోపల రాసుకున్న పేర్లు ఒక్కొక్కటీ చదివేవాడు. తాత, తాత తమ్ముడు, పురిట్లో పోయిన మేనత్త, ఏడాది నిండకుండా పోయిన ఓ పసివాడు. ఆ పసివాడి పేరు దగ్గర మాత్రం నాయినమ్మ కొంగు నోట్లో కుక్కుకునేది. ముప్పై ఏళ్లయినా అంతే.

తర్వాత అందరూ మనుషుల్లో పడేవాళ్లు. నలభై రోజుల శ్రమ దినాల్లో మాంసం ముట్టని ఇల్లు కాబట్టి ఆ పూట బగారన్నం, మేకమాంసం కూర. ఒకటి రెండేళ్లు గుడ్ ఫ్రైడే రాత్రి తెర కట్టి 'కరుణామయుడు' కూడా వేశారు. 1978లో వచ్చిన ఆ సినిమాలో విజయ్‌చందర్‌ను చూశాక, ఊళ్లో సగం మంది కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తే కనిపించేది ఆయన మొహమే! ఆదివారం సాయంత్రం మళ్లీ బస్సు. సోమవారం పొద్దున ఫస్టు షిఫ్టు.

1992లో నాయినమ్మను నాచారం తెచ్చుకున్నారు. కళ్లు సరిగా కనబడటం లేదు, ఊళ్లో ఒక్కతే ఉండలేదు. అప్పటికి బాపు సొంతంగా ఇల్లు కట్టుకున్నాడు. తమ్ముడు, అంటే చిన్నాయన, ఉప్పల్‌లో స్థిరపడ్డాడు. ఇద్దరి ఇళ్ల మధ్యా నాలుగైదు కిలోమీటర్లు. హబ్సిగూడ మీదుగా వచ్చి, ఎన్‌జీఆర్‌ఐ దాటి, సర్వే ఆఫ్ ఇండియా దాటితే ఉప్పల్.

పట్నం పండుగ నాయినమ్మకు అంతగా నచ్చలేదు. సండే స్కూల్లో పిల్లలకు రంగులేసిన కోడిగుడ్లు ఇచ్చారు. మనవడు దాచుకుని తెచ్చి చూపిస్తే అటూ ఇటూ తిప్పి, "గుడ్డుకు రంగేందిరా, కోడికి తెలిస్తే నవ్వుతది" అంది. తర్వాత పెంకు ఒలిచి ఉప్పు, కారం అద్ది వాడికే పెట్టింది. డాబా మీద జరిగే తెల్లవారుజాము ఆరాధన ఆమెకు ఆరాధనలాగే అనిపించలేదు. మైకులున్నాయి, కుర్చీలున్నాయి, ఆఖర్న ఉప్మా, చాయ్ ఉన్నాయి. "మనోళ్లు ఏరీ?" అని అడిగింది. మనవాళ్లంటే చుట్టాలనుకున్నారు అందరూ. ఆమె అడిగింది చచ్చిపోయినవాళ్లను. వాళ్లంతా ఊళ్లోనే ఉండిపోయారు.

ఆ ఇంట్లో అసలు గొడవ అప్పటికే మొదలైంది. పెళ్లయిన కొత్తలో చిన్నాయన వేరే సంఘంలో చేరాడు. క్రిస్మస్, ఈస్టర్ లాంటి పండుగలేవీ బైబిల్లో చెప్పినవి కావని, ప్రతి ఆదివారమూ పునరుత్థాన దినమేనని నమ్మే సంఘాలు హైదరాబాదులో చాలానే ఉన్నాయి. వాళ్లింట్లో నక్షత్రం ఉండదు, మట్టలాదివారం ఉండదు. చిన్నాయన దేన్నీ సగం సగం చేసే మనిషి కాడు. ఊరికి రావడం మానేశాడు. "చచ్చినోళ్లల్ల బతికినోన్ని ఎందుకు దేవులాడుతున్నరని దూత అడగనే అడిగె గదనే. అక్కడ ఎవ్వలు లేరు. మట్టికి సున్నమేస్తే మట్టికి ఏం తెలుస్తది?" అనేవాడు.

మాటకు మాట చెప్పడం బాపుకు చేతకాదు. ఆయన మిషన్ మనిషి. "నాయిన బొందకాడికి వస్తే నీ రక్షణ పోతదా?" అని ఒక్కటే అడిగేవాడు. న్యాయంగా చెప్పాలంటే వాక్యం ప్రకారం చూస్తే చిన్నాయన మాటలో తప్పు వెతకడం కష్టమే. ఖాళీ సమాధి పండుగ రోజు నిండిన సమాధుల దగ్గరికి వెళ్లడమేమిటన్నది అడగాల్సిన ప్రశ్నే. కాకపోతే తల్లి కళ్ల ముందు కూర్చుని ఉండగా అడగాల్సిన ప్రశ్న కాదు.

అమ్మ మాత్రం ఈ తగువులో ఏ పక్షమూ పట్టలేదు. ప్రతి ఈస్టర్ మధ్యాహ్నం నాలుగు గిన్నెల క్యారియర్లో బగారన్నం, కూర, పెరుగు పచ్చడి సర్ది ఉప్పల్ పంపేది. ఊళ్లో పండుగ చేసుకున్న ఏడు కూరను గిన్నెలో పెట్టి, మూతికి గుడ్డ కట్టి బస్సులో మోసుకొచ్చేది. పండుగలు లేని ఇంట్లో ఆ అన్నం ఒక్క మెతుకు మిగిలేది కాదు. "పండుగదని తింటలేను. వదిన పంపింది, తింటున్న" అనేవాడు చిన్నాయన. ఏళ్లు గడిచినకొద్దీ క్యారియర్ మోసే పని సైకిల్ మీద తమ్ముడి నుంచి స్కూటీ మీద పెద్దమ్మాయికి వచ్చింది. ఆమెకు పెళ్లయి ఉప్పల్ వైపే వచ్చింది మరి.

2003 జనవరిలో నాయినమ్మ పోయింది. అంతకు ఏడాది ముందే ఆమె ఇద్దరు కొడుకుల్నీ కూర్చోబెట్టి ఒక మాట చెప్పింది. "నన్ను ఊరికి తీస్కపోకుండ్రి. మీరున్న కాడనే పెట్టుండ్రి. ఊర్ల పెడితే మోకాళ్లు నొస్తున్నయంటరు, బస్సు దొరకలేదంటరు. పట్నంల పెడితే ఆటోల అన్న వస్తరు." అప్పుడందరూ నవ్వారు. తీరా ఆ రోజు వచ్చాక బాపు మాట మార్చాడు. నాయిన పక్కనే పెట్టాలన్నాడు. బండి కూడా మాట్లాడేశాడు. ఊళ్లో చుట్టాలు వేపచెట్టు కింద చోటు చూశారు. అడ్డం పడింది చిన్నాయన. "అమ్మ నోరిడిసి చెప్పింది. అట్లనే చేద్దాం."

చివరికి అదే జరిగింది. నారాయణగూడ శ్మశానవాటికలో చోటు దొరికింది. అయితే ఆ రోజు బాపు మనసులో ఒక ముల్లు విరిగింది. 'బొందకాడికి రానోడు బొంద యాడుండాల్నో చెప్పిండు' అన్నది ఆ ముల్లు. పైకి అన్నది ఒక్కసారే. అది కూడా పెద్దమ్మాయితో. చిన్నాయన లెక్కలో మట్టి ఎక్కడైనా మట్టే కదా, అందుకే అంత తేలిగ్గా చెప్పాడని ఆయన బాధ. తల్లి కోరిక తీర్చిన కొడుకు, సమాధి అంటే లెక్కలేని కొడుకు, ఇద్దరూ ఒకడే కావడం బాపుకు మింగుడు పడలేదు.

ఆ ఏడు ఈస్టర్ ఏప్రిల్ 20న. ఆ ఇంటివాళ్లు పట్నంలో సమాధి దగ్గర చేసుకున్న మొదటి పండుగ అదే. మూడున్నరకు రెండు ఆటోలు మాట్లాడుకున్నారు. తార్నాక దాటి, నిద్రపోతున్న యూనివర్సిటీ క్యాంపస్ చెట్ల మధ్యలోంచి విద్యానగర్, బర్కత్‌పుర మీదుగా నారాయణగూడ. సున్నం డబ్బా ఒలుకుతుందేమోనని ఆటో డ్రైవరు గొణిగాడు. ఎక్కడికని అడిగి, విని, మళ్లీ మాట్లాడలేదు. దిగాక ఇరవై రూపాయలు తక్కువే తీసుకున్నాడు. లోపలికెళ్లి చూస్తే జాతర! ఊరిలాగా నూటికో కోటికో ఒక కొవ్వొత్తి కాదు, కనుచూపు మేర దీపాలే. పాలరాతి సమాధుల మీద గులాబీలు, పక్కనే మట్టి కుప్పల మీద బంతిపూలు. ఒక మూల తెలుగు పాట, ఇంకో మూల తమిళం, మరో పక్క ఇంగ్లీషు. కుటుంబాలకు కుటుంబాలు ఫ్లాస్కుల్లో చాయ్ తెచ్చుకున్నాయి. పక్క సమాధి వాళ్లు అగ్గిపెట్టె అడిగారు. మాటల్లో వాళ్లది మల్లాపూర్ అని తేలింది. నాచారానికి పొరుగే. అలా ఇరుగుపొరుగయ్యారు. ఆ తర్వాత ఆ రెండిళ్ల మధ్య పెళ్లి పత్రికలు కూడా నడిచాయి.

బాపు బైబిలు వెనక అట్ట తీసి పేర్లు చదివాడు. తాత పేరు దగ్గర ఆగాడు. ఆ పేరు గల మనిషి 80 కిలోమీటర్ల అవతల వేపచెట్టు పక్కన ఉన్నాడు. అక్కడ ఆ పూట కొవ్వొత్తి ఎవరు వెలిగిస్తారు? ఆ ప్రశ్న ఆయన్ని వదల్లేదు. ప్రార్థన ముగియగానే గుడికి రాకుండా ఒక్కడే బస్సెక్కి ఊరికి పోయాడు. మిట్టమధ్యాహ్నం, మొండి ఎండలో తండ్రి సమాధికి సున్నం వేసి, రాత్రికి తిరిగొచ్చాడు. ఐదారేళ్లు అలాగే చేశాడు. మోకాళ్లు ఒప్పుకోక ఆపేశాడు. నాయినమ్మ చెప్పింది చెప్పినట్టే జరిగింది. కాకపోతే ఆమె విషయంలో కాదు, తాత విషయంలో.

ఈలోగా చుట్టూ అంతా మారిపోయింది. 2005లో ఉప్పల్ స్టేడియంలో అంతర్జాతీయ మ్యాచ్ ఆడారు. 2007లో ఉప్పల్ కలాన్ మున్సిపాలిటీ జీహెచ్ఎంసీలో కలిసిపోయింది. బాపు పనిచేసిన ఫ్యాక్టరీ మూతబడి గోడౌన్ అయింది. 2017 నవంబరులో నాగోల్ నుంచి మెట్రో వచ్చింది గానీ అది ఈస్టర్‌కు పనికిరాదు. మొదటి రైలు బయల్దేరేసరికి ఇక్కడ ప్రార్థనలు అయిపోతాయి. 2018లో ఈస్టర్ ఏప్రిల్ 1న. ముందురోజే చైత్ర పున్నమి, హనుమజ్జయంతి. శనివారమంతా ఊరేగింపులకు కట్టిన కాషాయ తోరణాల కిందుగా, ఆదివారం వేకువన సున్నం డబ్బాతో ఆటో వెళ్లింది. పైన నిండు చంద్రుడు. ఆ ఏడు కొవ్వొత్తులు వెలిగించకపోయినా పేర్లు చదవగలిగేవారు.

2019 ఏప్రిల్ 21 మరో రకంగా గుర్తుండిపోయింది. గుడి నుంచి వచ్చి టిఫిన్ చేస్తుంటే టీవీలో శ్రీలంక వార్తలు మొదలయ్యాయి. కొలంబో, నెగొంబో, బట్టికలోవా... మూడు చర్చిల్లో, ఈస్టర్ ఆరాధన వేళ బాంబులు. హోటళ్లలోనూ పేల్చారు. చనిపోయినవారి సంఖ్య చివరికి 250 దాటింది. అమ్మ బగారన్నం పొయ్యి మీద పెట్టి దించడం మరిచిపోయింది. అన్నం అడుగంటింది. ఆ మధ్యాహ్నం ఉప్పల్‌లో సన్‌రైజర్స్ మ్యాచ్. క్యారియర్ పట్టుకుని వెళ్తున్న పెద్దమ్మాయి ఆరెంజ్ జెర్సీల గుంపులో ఇరుక్కుపోయింది. ఆలస్యంగా చేరేసరికి చిన్నాయన గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఆకలికి కాదు. "మన గుడి దగ్గర అంత బాగే గదా బిడ్డా?" అని అడిగాడు. 'మన గుడి' అన్నాడు. ముప్పై ఏళ్లుగా ఆయన అడుగు పెట్టని గుడి అది. ఆమె ఆ మాట ఇంటికొచ్చి బాపుకు చెప్పింది. బాపు విని టీవీ సౌండు పెంచాడు.

మరుసటి ఏడాది ఎవరూ ఎక్కడికీ వెళ్లలేదు. 2020 ఏప్రిల్ 12. లాక్‌డౌన్. గుళ్లు మూసేశారు, రోడ్ల మీద పోలీసులు. ఫోనులో ఆరాధన చూస్తూ సోఫాలో కూర్చోవడం బాపుకు చేతకాలేదు. తెల్లవారుజామున డాబా ఎక్కి, పిట్టగోడ మీద వరసగా కొవ్వొత్తులు పెట్టి, బైబిలు అట్ట చూడకుండానే పేర్లన్నీ చదివాడు. క్యారియర్ కూడా వెళ్లలేదు. హబ్సిగూడ దగ్గర బారికేడ్లు. 28 ఏళ్లలో అది తప్పడం అదే మొదటిసారి. మధ్యాహ్నం ఫోను మోగింది. చిన్నాయన. "వదినా, ఇయ్యాల ఏం వండినవే?" అని అడిగాడట. పది నిమిషాలు వంటల గురించే మాట్లాడాడు. పండుగ ఊసు ఎత్తలేదు.

ఆ డిసెంబరులో బాపు పోయాడు. గుండెపోటు, నిద్రలోనే. నగరంలోని పాత శ్మశానవాటికల్లో కొత్త చోటు దొరకడం ఎంత కష్టమో అప్పటికి అందరికీ తెలిసిన విషయమే. చాలా కుటుంబాలు ఉన్న సమాధినే తెరిచి తమవాళ్లను అందులోనే ఉంచుతున్నాయి. నాయినమ్మ సమాధి తెరిచారు. తండ్రి పక్కన తల్లిని పెట్టాలని పట్టుబట్టిన మనిషి, చివరికి తల్లి దగ్గరికే చేరాడు. చిన్నాయన ఆ రోజు వచ్చాడు. పిడికెడు మట్టి వేశాడు. అది అంత్యక్రియ, పండుగ కాదు కాబట్టి అందులో ఆయన సంఘానికి అభ్యంతరం లేదు.

2021 ఈస్టర్ ఏప్రిల్ 4న. కొత్తగా కట్టిన సమాధి కాబట్టి శనివారమే వెళ్లి శుభ్రం చేద్దామని పెద్దమ్మాయి, తమ్ముడు బయల్దేరారు. వెళ్లేసరికి అక్కడ ఎవరో గొంతు కూర్చుని ఉన్నారు. మూతికి మాస్కు, తలకు తువ్వాలు. పక్కన ప్లాస్టిక్ డబ్బాలో సున్నం. సమాధికి మూడు పక్కలు అప్పటికే తెల్లగా మెరుస్తున్నాయి. పలచగా కలిపినందువల్ల కారి చారలు కట్టింది. ఎప్పుడూ చేసిన పని కాదు కదా. పిల్లల్ని చూసి చిన్నాయన లేచి నిలబడలేదు. "పండుగని రాలె. సున్నం పెచ్చులూడుతున్నదని మీ అమ్మ అన్నది, వచ్చిన" అన్నాడు. కొత్త సమాధికి పెచ్చులెక్కడివని తమ్ముడు అడగబోతే అక్క కాలు తొక్కింది. మర్నాడు తెల్లవారుజామున ఆయన రాలేదు. కొవ్వొత్తి వెలిగించలేదు. మధ్యాహ్నం క్యారియర్ వెళ్లింది, ఖాళీగా తిరిగొచ్చింది.

అప్పటినుంచి అదే పద్ధతి. శనివారం ఆయనది, ఆదివారం వీళ్లది. సున్నం ఇప్పుడు సరిగ్గా కలుపుతాడు. నీలిమందు ఎంత వేయాలో అమ్మను ఫోన్లో అడిగి తెలుసుకున్నాడు. ఒకసారి అమ్మ రాతి మీది పేర్లు చూసి, కింద మిగిలిన ఖాళీని జానతో కొలిచి, "నాకు గూడ సరిపోతది" అని తృప్తిగా అంది. కోడళ్లు ఊరుకోమన్నా వినలేదు.

2025లో ఈస్టర్ మళ్లీ ఏప్రిల్ 20నే పడింది. నాయినమ్మ పోయిన ఏడు వచ్చిన తేదీయే. శనివారం పొద్దున చిన్నాయన నారాయణగూడ పని ఎనిమిదింటికల్లా ముగించి, పెద్దమ్మాయికి ఫోను చేశాడు. "డబ్బాల సున్నం మిగిలింది. మీ తాత బొంద చూసి ఎన్నేండ్లాయె. నీ కొడుకు కారు తీస్తడా?" ఆయనకప్పుడు డెబ్భై దాటాయి. పండుగ ముందు ఆయన ఆ ఊరికి వెళ్లి నలభై ఏళ్లు కావొస్తోంది.

2018లో మొదలై ఏళ్ల తరబడి సాగిన ఉప్పల్ ఫ్లైఓవర్ పిల్లర్ల కింద దుమ్ములో కారు గంట నత్తనడక నడిచింది. ఘట్‌కేసర్ దాటాక రోడ్డు సాఫీ. బస్సుకు మూడు గంటలు పట్టిన దూరం ఆ తర్వాత గంటన్నరే. చెరువులో నీళ్లున్నాయి. కట్ట వెనక బొందలగడ్డ నిండా సర్కారు తుమ్మ. కొత్త సమాధుల వైపు మాత్రం శుభ్రంగా ఉంది. ఊరివాళ్లు మర్నాటి పండుగకు సున్నాలు వేస్తున్నారు. పాత వైపు వేపచెట్టు లేదు. ఎప్పుడో గాలివానకు పడిపోయిందని అక్కడున్న ఓ ముసలావిడ చెప్పింది. మొద్దు కూడా మిగల్లేదు.

కొడవలితో ముళ్లు కొట్టుకుంటూ వెళితే పక్కపక్కన రెండు దిబ్బలు కనిపించాయి. ఒకటి తాతది. ఇంకొకటి ఎవరిదో. బాపు ఉంటే చూడగానే చెప్పేవాడు. పెద్దమ్మాయి ఎడమ పక్కది అంది, ఏడేళ్లప్పటి గుర్తుతో. చిన్నాయన కుడి పక్కదేమో అన్నాడు. ముసలావిడ రెండూ చూసి తల అడ్డంగా ఊపింది. కాసేపు ముగ్గురూ ఎండలో అలాగే నిలబడ్డారు. తర్వాత చిన్నాయన డబ్బా మూత తీసి, కుంచె ముంచి, ఎడమ పక్క నుంచి మొదలుపెట్టాడు. అది అయ్యాక కుడి పక్కకు జరిగాడు. సున్నం రెండింటికీ సరిపోయింది.